చెవితో పనిలేని సంగీత పట్టా

విశ్వవిద్యాలయాల సంగీత శాఖలకు ఇప్పటికీ ఒక పెద్ద అడ్డంకి ఉంది: చెవి. అది అటెండెన్సుకు లొంగదు, గైడుకు లొంగదు, సెమిస్టర్ అయిపోతోందన్నా కంగారుపడదు. అదృష్టం కొద్దీ మన పరీక్షల పద్ధతి దాన్ని చాలావరకు దారికి తెచ్చింది. మిగిలిన కాస్త పనీ పూర్తి చేయడానికే ఈ సూచనలు.

ముందు థియరీ. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలు (మూల రాగాలు) బట్టీ పట్టనక్కర్లేదు, పేరులోని మొదటి రెండక్షరాలను అంకెలుగా మార్చి తిరగేస్తే రాగం సంఖ్య చెప్పే కటపయాది సూత్రం ఉంది. మేచకల్యాణిలో మ అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. 36 దాటింది కాబట్టి ప్రతిమధ్యమం (రెండు మధ్యమాల్లో పైది). 36 తీసేస్తే 29. ఆరేసి మేళాల చొప్పున నాలుగు చక్రాలు పోగా అయిదో చక్రంలో అయిదో మేళం. చక్రం రి, గలను చెబుతుంది, అందులోని స్థానం ధ, నిలను చెబుతుంది. అంటే చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. నోరు మెదపకుండానే కల్యాణి వచ్చేసింది! సంయుక్తాక్షరాల దగ్గర మాత్రం జాగ్రత్త. ధర్మవతిలో ‘ర్మ’లోని మ లెక్కకొస్తుంది, 59. అదే ధైర్యంతో చక్రవాకంలో ‘క్ర’లోని ర పట్టుకుంటే 26 తేలుతుంది, అది చారుకేశి. అక్కడ క తీసుకుంటేనే 16. రెండూ ఒక్కసారి పాడుకున్నా తేడా తెలిసేది కదా అని కొందరంటారు. వాళ్లకు సిలబస్ తెలియదు.

తోడి రాగంలోని గాంధారం విషయంలో పేపరుదే పైచేయి. ‘సాధారణ గాంధారం’ అని రాస్తే మార్కు వచ్చేస్తుంది. గొంతులో అది ఒకచోట నిలవదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉంటుంది, నిలబెట్టి పాడితే తోడి కాకుండా పోతుంది. ఇలాంటివి కాగితం మీదికి ఎక్కించడానికి విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు, 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు (స్వరాల ఊగుళ్లకు) గుర్తులు పెట్టారు. అదీ తెలుగు లిపిలో. లిపి రాదని చెప్పుకొనే సాకు కూడా మన విద్యార్థికి మిగల్చలేదు, ఎంత అన్యాయం!

ఇక ప్రాక్టికల్. ఒకటో శ్రుతి (పాటకు ఆధారమైన స ఎత్తు) అబ్బాయిలూ అయిదున్నర శ్రుతి అమ్మాయిలూ ఒకే గదిలో ఉంటారు. సమన్యాయం కోసం మూడులో పెట్టాలి. అప్పుడు తారస్థాయి (పై స్థాయి) గాంధారం అబ్బాయిలకు అందదు, మంద్ర (కింది స్థాయి) పంచమం అమ్మాయిలకు వినపడదు, ఎవరికీ పక్షపాతం జరగదు. తంబూరా తీగ కింద నూలు దారాన్ని వెంట్రుకవాసి జరుపుతూ, నాదం విచ్చుకునేదాకా కూర్చోవడం కాలహరణం; ఫోనులో తంబూరా యాప్ పెట్టేయండి. కాల్ రాగానే శ్రుతి ఆగిపోతుంది, పాట మాత్రం ఆగదు. అంతసేపూ ఆ శ్రుతిని ఎవరూ వినలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

వర్ణం (సాధనకు పాడే రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడమంటారు. ఆది తాళంలో నాలుగక్షరాల లఘువు, రెండేసి అక్షరాల రెండు ద్రుతాలు, మొత్తం ఎనిమిది అక్షరాలు ఒక ఆవర్తనం. చెయ్యి వేగం మారకూడదు. ఆవర్తనంలో పాడింది అర ఆవర్తనంలో సర్దుకోవాలి. ఆచరణలో పాటతో పాటు చెయ్యీ పరుగెడుతుంది. అలా వచ్చిన రెండో కాలం నిజానికి మొదటి కాలమే, కాస్త ఆయాసం ఎక్కువ. పరీక్షకుడు తాళం వెయ్యడం మొదలుపెడితేనే చిక్కు. ఆయన చేతిలోకి టీ కప్పు ముందే చేరేలా చూసుకోవాలి.

స్థానిక సంగీత చరిత్ర అన్నిటికన్నా తేలిక. విజయనగరం సంగీత కళాశాల 1919, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు: ఒక మార్కు. ఆయన హరికథ ఎలా చెప్పేవారన్నది ప్రశ్న కాదు. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. మనం వినే వరుసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టారు. అయినా ‘అన్నమయ్య ఈ వరుసలోనే పాడెను’ అని రాస్తే దిద్దేవారికి భక్తి కలుగుతుంది.

ఉత్తరాంధ్రలో జముకు అనే తోలు వాద్యంతో చెప్పే జముకుల కథకు ప్రాజెక్టులో ఒక పేజీ చాలు. జముకు తోలు మధ్యలోంచి వచ్చే తంతిని బిగించి పట్టుకుని మీటుతారు. బిగువు మారితే స్వరం జారుతుంది. ఆ జారుడును సప్తస్వరాల్లో దేని కింద రాయాలో గైడులో లేదు కాబట్టి ‘ఇది జానపద వాద్యము’ అని ముగించి, కళాకారుడికి శాలువా కప్పిన ఫొటో అతికించాలి. రికార్డింగ్ ఉందా అని వైవాలో అడిగితే ఉందనే చెప్పండి. వినిపించమనరు, బయట ఇంకా పదిహేను మంది వరుసలో ఉంటారు.