గాలి చొరని గూడు

ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోయిందన్న వార్తను ఒక డిసెంబరు ఉదయం చదివి, హనుమకొండలోని మా పెరటి నాటుకోళ్లు, నాలుగు పెట్టలూ ఒక పుంజూ, ఆ రాత్రికే కొయ్యబారిపోతాయని నేను నిశ్చయించుకున్నాను. అప్పటిదాకా అవి వెదురు గంప కింద నిశ్చింతగా పడుకునేవి. "కోడికి చలేందిరా బిడ్డా, ఒంటినిండ ఈకలుండంగ?" అని మా అమ్మ అన్నది. ముప్పై ఏళ్లు లెక్కల పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, రుజువు లేని మాటగా దానిని కొట్టివేశాను. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుందన్న రుజువు నాకు ఆలస్యంగా దొరికింది.

పాత తలుపు చెక్కలతో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున గూడు కట్టి, పైన రేకు పరిచి, సందు కనిపించిన ప్రతిచోటా గోనెసంచి ముక్కలు కుక్కి, అదీ చాలదని చుట్టూ టార్పాలిన్ బిగించాను. కింద నాలుగు వేళ్ల మందాన వరిపొట్టు పోశాను. ఆ మొత్తం నిర్మాణంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. పిల్లులు, ముంగిసలు తలుపు తోయకుండా, మూయగానే దానంతటదే పడే గొళ్లెం బయటివైపు అమర్చాను. కోళ్లకు గొళ్లెం తీసే అలవాటు లేదు కనుక లోపలి వైపు గురించి ఆలోచించలేదు.

మరునాడు తెల్లవారుజామున తలుపు తీయగానే ఐదు కోళ్లూ నన్ను తోసుకొని బయటపడ్డాయి. లోపల పొట్టు తడిసి ముద్దయి ఉన్నది. నెల రోజులుగా చినుకు లేకపోయినా రేకు ఎక్కడ కారుతున్నదో చూద్దామని మోకాళ్ల మీద లోపలికి దూరాను. వెనుక తలుపు మూసుకున్నది, గొళ్లెం పడింది. నా పనితనాన్ని శంకించనక్కరలేదని ఎంత తోసినా రుజువైంది.

కాసేపటికి నా బట్టతల మీద ఒక చుక్క పడింది, తరువాత ఇంకొకటి. కోళ్ల ఊపిరిలోని ఆవిరి, రెట్టలోని తడి బయటికి పోయే దారి లేక, చల్లని రేకుకు తగిలి నీరై కారుతున్నవని అప్పుడు అర్థమైంది. రెట్ట నుంచి లేచిన అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతుండగా నేను కేక వేశాను. గూటి మీదికెక్కిన పుంజు వెంటనే కూసింది. ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లు కూసింది. వాకిట్లో ముగ్గు వేస్తున్న నా భార్యకు పుంజు కూతే వినిపించింది కాని నా కేక వినిపించలేదట.

అరగంట తరువాత ఆమె వచ్చి, గొళ్లెం మీద చెయ్యి వేసి, "గుడ్లేమన్న పెట్టిన్రా?" అని అడిగింది. వెనుక నుంచి మా అమ్మ, "పొదుగుడు మీదున్నదాన్ని లేపకు బిడ్డా, 21 దినాలు పడ్తది" అన్నది.

ఆ మధ్యాహ్నమే టార్పాలిన్ విప్పి, రేకు కింద రెండు వైపులా జానెడు ఖాళీ వదిలి జాలి కొట్టాను. కోళ్లు కూర్చునే ఎత్తులో గాలి నేరుగా తగలకుండా ఈదురుగాలి వచ్చే వైపు మాత్రం సంచులు ఉంచాను. పడుకున్నప్పుడు పొట్ట ఈకలతో కాలివేళ్లను కప్పుకొనేటట్లు వెడల్పాటి చెక్కను అడ్డంగా అమర్చాను. గుడ్లు మాత్రం పెరగలేదు. చలికాలంలో అవి తగ్గేది ముఖ్యంగా పగలు పొట్టిదవడం వల్ల కనుక, ఆ విషయంలో నా సుత్తి చేయగలిగినదేమీ లేదు. మూడు రాత్రులు కోళ్లు గూటి వంక చూడకుండా జామచెట్టెక్కాయి. నాలుగో రాత్రికి పెట్టలు దిగివచ్చాయి, పుంజు ఇంకా ఆలోచిస్తున్నది.

గొళ్లేనికి లోపలి నుంచి లాగే తాడొకటి కట్టాను. కోళ్ల సౌకర్యం కోసమని ఇంట్లో చెప్పాను కాని ఎవరూ నమ్మలేదు.