కృష్ణబిలం గారికి ఒక బోరు బాధితుడి ఉత్తరం

మహారాజశ్రీ కృష్ణబిలం గారికి,

దేవరకొండ దగ్గర ఒక బత్తాయి రైతు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, బోర్లు తప్ప.

మొన్న మా మూడో బోరు కూడా ఫెయిలైంది. ‘ఇది బోరు కాదు, బ్లాక్ హోల్. ఎంత పోసినా మింగుతది’ అన్నాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివే మా అమ్మాయి ఊరుకోలేదు. ‘నాన్నా, బ్లాక్ హోల్ అంటే కృష్ణబిలం, దాన్నెందుకు బద్నాం చేస్తవ్’ అంటూ మీ సంగతంతా చెప్పింది. వింటుంటే సిగ్గేసింది.

మీరు దూరాన ఉన్నవాళ్ల జోలికి రారట. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న మీవాణ్ణి పెట్టినా, చీకటీ చలీ తప్ప భూమి తిరుగుడు మారదట. మా బోరు దిగింది చెలకలోనే గానీ, హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి జీతాన్ని కూడా లాగింది. మీకు ఘటనా దిగంతం అని ఒక గెట్టు ఉంది, అది దాటితేనే వెలుతురుకైనా తిరుగు దారి ఉండదు. మా బోరుకు గెట్టే లేదు.

ఆ రాత్రి చూడాల్సింది మీరు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోటే పాయింట్ పెట్టాం. 200 అడుగులకు తడి మట్టి వస్తే అందరం చెప్పులు విడిచి దండం పెట్టాం. అక్కడి నుంచి 460 దాకా తెల్ల దుమ్మే. తెల్లారేసరికి చెట్లు, మనుషులు, ఛాయ్ గ్లాసులు పిండిలో దొర్లినట్టున్నాయి. బండి డ్రైవర్ మాత్రం చీటీ మీద దుమ్ము దులిపి, అడుగుల లెక్క చేతిలో పెట్టాడు.

మన పాలపుంత నడుమ ఉన్న మీ పెద్దాయనది దాదాపు 40 లక్షల సూర్యుళ్ల బరువట. 2022 మే 12న బయటపెట్టిన ఆయన ఫోటోను మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. చుట్టూ నారింజ రంగు వెలుగు, మధ్యలో చీకటి. కేసింగ్ పైపులోకి టార్చి కొట్టి చూసినట్టే ఉంది.

ఒక్క విన్నపం. మీ దగ్గరికి పోయిన గడియారం, దూరం నుంచి చూసేవాళ్లకు నెమ్మదిగా నడుస్తుందట. నూటికి రెండు రూపాయల మిత్తికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఒకటుంది. మీ గెట్టు పక్కన దానికి కాస్త జాగా దొరుకుతుందా?

ఇట్లు,
మీ బత్తాయి రైతు

తాజాకలం: జవాబు తొందరగా రాయండి. నాలుగో పాయింట్ చూడటానికి రేపు పొద్దున కొబ్బరికాయాయన వస్తున్నాడు.