మూడు సిలిండర్లు, ఏడు కొండలు

తిరుమల ఘాట్ రోడ్డులో బానెట్ ఎత్తి నిలబెట్టిన కారు కనిపిస్తే చూసీచూడనట్టు దాటి పోవడం మనవాళ్ల వల్ల కాదు. దర్శనం వేళ మించిపోతున్నా సరే, బండి ఆపి, దిగి, లోపలికి తొంగిచూసి, ఏదో ఒక రోగం పేరు చెప్పి గానీ కదలరు. మే నెలలో ఒక మధ్యాహ్నం మా చిన్నాన్న కారుకు ఇంజను శాస్త్రంలో ఉన్న రోగాలన్నీ అంటగట్టారు. లేనివి కూడా ఒకటి రెండు కలిపారు.

కారు సంగతి ముందు చెప్పాలి. ఎనిమిది వందల సీసీ లోపు పెట్రోలు ఇంజను, మూడు సిలిండర్లు, 48 హార్స్ పవర్. ఈ వంశానికి మన దేశంలో మూలపురుషుడు 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. దానిదీ 796 సీసీ, మూడు సిలిండర్లే. చిన్నాన్న కారు ఏ కంపెనీదో మాత్రం చెప్పను. జరిగినదాంట్లో కంపెనీ తప్పేమీ లేదు. దోషి వేరే ఉన్నాడు.

మూడు సిలిండర్ల ఇంజను నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది. అది జబ్బు కాదు, పుట్టుక. నాలుగు సిలిండర్లుంటే క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అర చుట్టు తిరిగేసరికి ఒక సిలిండర్లో పెట్రోలు మండుతుంది. మూడే ఉంటే మూడింట రెండు వంతుల చుట్టు తిరిగే దాకా ఆగాలి. పైగా ఈ చివరి పిస్టను ఒక వైపు, ఆ చివరిది ఇంకో వైపు లాగుతూ ఇంజనును ఊపాలని చూస్తాయి. ఇంజనును మోసే మౌంటింగు రబ్బర్లు గట్టిగా ఉన్నంత కాలం ఆ ఊపు సీటు దాకా రాదు. చిన్నాన్న కారు రబ్బర్లకు వయసు మీద పడింది. ఎర్ర లైటు దగ్గర ఆగితే చాలు, వెనక సీట్లో అవ్వ జాలిగా, "దీనికి చలిజ్వరం వచ్చినట్టుంది నాయనా, ఒక దుప్పటి కప్పరాదా" అంటుంది.

పిన్ని వాళ్ల అన్నయ్య, అంటే మా మామ, జాలిపడే రకం కాదు. ఆర్టీసీ డిపోలో బస్సులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను తప్ప మరొకదాన్ని ఆయన ఇంజనుగా గుర్తించడు. "ఆటో కంటే రెండు ఎక్కువ, బస్సు కంటే మూడు తక్కువ. ఇది అటూ కాదు, ఇటూ కాదు బావా" అని కారు కొన్న రోజే తీర్పు చెప్పాడు. అయినా తిరుమల ప్రయాణమంటే ముందు సీట్లో ముందుగా కూర్చునేది ఆయనే.

ఖాళీ కారు బరువు 750 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అందులో చిన్నాన్న, మామ, పిన్ని, అవ్వ, నేను, మూడు సంచులు, ఒక పులిహోర డబ్బా. మొత్తం ఎంతవుతుందో పైకి లెక్క కట్టబోతే పిన్ని నా వైపు చూసింది. ఊరుకున్నాను.

చిత్తూరు నుంచి తిరుపతి దాకా చీకూ చింతా లేదు. పూతలపట్టు దాటాం, చంద్రగిరి దాటాం, ఏసీ చల్లగా వస్తోంది, టెంపరేచర్ ముల్లు బుద్ధిగా సగంలో ఉంది. అలిపిరి తనిఖీ దగ్గర వాహనాల వరుసలో చిక్కుకున్నాక ఏసీ నుంచి వేడిగాలి మొదలైంది. గ్యాసు అయిపోయిందన్నాడు మామ. వరుస మెల్లగా జరుగుతోంది, ముల్లు కూడా మెల్లగా జరుగుతోంది, కాకపోతే పైకి. ముల్లును ఎవరూ పట్టించుకోలేదు, ఏసీ మీదే చర్చ. నిజానికి ఆ రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. హైవే మీద ఎదురుగాలే వచ్చి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగిన బండికి ఆ పని చేయాల్సింది దాని వెనకున్న ఎలక్ట్రిక్ ఫ్యాను. అది తిరగకపోతే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరూ కాగుతుంది, ఇంజనూ కాగుతుంది.

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవాళ్లకు, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవాళ్లకు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని నియమం. అంతకు ముందే పైకి చేరితే అతివేగమని జరిమానా. "కాస్త నిదానంగా పోనీ బావా, ముందే చేరిపోతే ఫైను వేస్తారు" అని మామ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక అక్కరకు రాలేదు.

చిన్నాన్నకు మైలేజీ మీద భక్తి ఎక్కువ, శ్రీనివాసుడి తర్వాత అదే. అందుకని మలుపుల్లో కూడా మూడో గేరు వదలడు. ఈ ఇంజను ఇచ్చే టార్కు, అంటే తిప్పే బలం, మొత్తం 70 న్యూటన్ మీటర్లకు లోపు. అదీ నిమిషానికి 3,500 చుట్ల దగ్గర. రెండో గేరులో వేసి చుట్లు పెంచితే నిక్షేపంగా ఎక్కుతుంది. మూడో గేరులో పదిహేను వందల చుట్ల మీద అయిదుగురిని మోయమంటే లోపల పెట్రోలు వేళ కాని వేళ మండి టకటకమని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు విని అవ్వ, "గోవిందా" అంది. భక్తితో అన్న మాట కాదు.

ముల్లు ఎర్ర గీత తాకాక చిన్నాన్న బండిని పక్కకు తీశాడు. బానెట్ ఎత్తాం. వైద్యులు రావడం మొదలైంది.

మొదట ఆగిన ఆయన తెల్ల జుబ్బా వేసుకున్నాడు. "హెడ్ గ్యాస్‌కెట్ పోయింది, ముప్పై వేలు పెట్టుకోండి" అని చెప్పి, రోగి బంధువుల్ని ఓదార్చినట్టు చిన్నాన్న భుజం తట్టి వెళ్లిపోయాడు. తర్వాతి వ్యాన్‌లో వచ్చిన తమిళ సోదరుడు టైమింగ్ బెల్టు తెగిందన్నాడు. బెల్టు తెగితే ఇంజను ఆ క్షణమే ఆగిపోతుంది, అప్పటి దాకా తిరుగుతూనే ఉంది కదా అంటే ఆలోచనలో పడ్డాడు. ఒక కుర్రవాడు ఇగ్నిషన్ కాయిల్ పోయిందన్నాడు. "మూడింట్లో ఒకటి కొట్టడం లేదు, వణుకు చూడండి." అది పుట్టుకతో వచ్చిన వణుకని అవ్వ వాదించింది. చలిజ్వరం సిద్ధాంతాన్ని ఎప్పుడు వదులుకుందో తెలియదు. ఒకామె దిగనైనా దిగలేదు, అద్దం దించి, "నరదృష్టి, నిమ్మకాయ కట్టలేదా?" అని అడిగి వెళ్లింది.

అందరూ చెప్పాక మామ రంగంలోకి దిగాడు. తువ్వాలు నాలుగు మడతలు వేసి రేడియేటర్ మూత మీద చేయి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక జీపు డ్రైవరు బండి ఆపకుండానే, "తీయకండి సార్! మొహం కాలిపోతుంది!" అని కేక వేశాడు. కాస్త ముందుకు పోయి ఆపి, నడిచి వచ్చాడు. ఆ మూత లోపలి ఒత్తిడిని బిగించి ఉంచుతుంది కాబట్టే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. తీసిన క్షణాన అంతా ఆవిరై పైకి ఎగజిమ్ముతుంది. బస్సు ఇంజన్ల దగ్గర ఇది మామకూ తెలిసిన సంగతే. కానీ చూసేవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు తెలిసినవి కూడా గుర్తురావు.

చల్లారే దాకా కూర్చున్నాం. పులిహోర అయిపోయింది. కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు కూడదని మేము తెచ్చిన నీళ్లు అవ్వ మరచెంబులోవే. మాత్రలు వేసుకోవడానికి ఒక గుక్క ఉంచుకుని మిగతావి ఇచ్చింది. వాటిని రేడియేటర్ రిజర్వు ట్యాంకులో పోశాక జీపు డ్రైవరు అసలు మందు చెప్పాడు.

"హీటరు పెట్టండి సార్. పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయరు నాలుగు మీద పెట్టండి. అద్దాలు దించుకోండి."

మే నెల. తిరుపతి. హీటరు. పిన్ని ఒంటి మీద కంచిపట్టు చీర.

మందు మాత్రం శాస్త్రీయమైనదే. డ్యాష్‌బోర్డు వెనక ఇంకో బుల్లి రేడియేటర్ ఉంటుంది, హీటరు వేస్తే ఇంజను వేడిలో కొంత దానిలోంచి బయటికి పోతుంది. బయటికి అంటే మా మీదికి. ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టని ఆ హీటరు మొదట కాస్త దుమ్ము, ఒక ఎండుటాకు విసిరింది. తర్వాత ఇంజను కడుపులో వేడంతా తెచ్చి పాదాల మీద పోసింది. ముల్లు గీత కిందికి దిగింది. పిన్ని ముఖం రంగు గీత పైకి పోయింది. రెండో గేరు, హీటరు, నాలుగు అద్దాలూ కిందికి, లోపల అయిదుగురమూ గొంతెత్తి గోవింద నామాలు. దాటి వెళ్లే బస్సులోంచి ఎవరో మాకు చేతులెత్తి దండం పెట్టారు.

మధ్యాహ్నం అలిపిరి దాటినవాళ్లం దీపాలు వెలిగాక పైకి చేరాం. త్వరగా వచ్చినవాళ్లకే జరిమానా, మా లాంటి వాళ్లను అడిగేవాడే లేడు.

మర్నాడు దిగేటప్పుడు ముల్లు కదలలేదు. దిగుడులో ఇంజనుకు మోత ఉండదు. రేణిగుంట రోడ్డు వైపు ఒక షెడ్డులో మెకానిక్కు ముందు ఆయిల్ పోసే మూత విప్పి చూశాడు. ఇంజను పైభాగాన్ని కారకుండా మూసే ఆ గ్యాస్‌కెట్ పోయి ఆయిల్లో నీళ్లు కలిస్తే అక్కడ పాలు కలిపిన కాఫీ రంగు జిగురు కనిపిస్తుంది. లేదు. ఆ ముప్పై వేలు మిగిలాయి. తర్వాత ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు తగిలించాడు. గిర్రున తిరిగింది. ఫ్యాను బాగుంది, దాని దాకా కరెంటే రావడం లేదు.

"థర్మోస్టాట్ పీకేయి, ఏ గొడవా ఉండదు" అన్నాడు మామ. అది మన షెడ్లలో పాత అలవాటే. "వద్దు సార్. అది సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదులుతుంది. పీకేస్తే ఇంజను ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది" అన్నాడు మెకానిక్కు. పెట్రోలు మాట వినగానే చిన్నాన్న ఆయన పక్షం చేరిపోయాడు.

బ్యాటరీ కింది ట్రే తీశాక దొరికింది. ఫ్యాను తీగ శుభ్రంగా కొరికేసి ఉంది, రాగి పోగులు బయటికొచ్చాయి. పక్కనే చింపిన గుడ్డపీలికలు, బూందీ పలుకులు, కొన కొరికిన ఒక జీడిపప్పు. పోయినసారి తెచ్చిన లడ్డూ ప్రసాదం పొట్లం ఒకటి గ్లవ్ బాక్సులో ఉండిపోయిందని పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. తెరిచి చూస్తే పొట్లం కాగితం మాత్రం ఉంది.

తీగ అతికి, టేపు చుట్టి, పైన గొట్టం తొడగడానికి మూడు వందల యాభై తీసుకున్నాడు. ఎలుకల మందు పెట్టమన్నాడు. వినాయకుడి వాహనానికి విషమా అని అవ్వ అడ్డుపడింది. వచ్చే వారం కాణిపాకం పోవాలి, ఏ ముఖం పెట్టుకుని పోతామంది.

"అందుకే ఆరు సిలిండర్లుండాలి. మా బస్సుల్లో ఎలుకలు ఎప్పుడైనా చూశామా?" అన్నాడు మామ.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "బస్సుల్లో పందికొక్కులుంటాయి సార్" అన్నాడు.