పైపుకు కట్టిన తాయెత్తు

బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ సంఘం బోరు పైపుకు అయస్కాంతం కట్టించింది. స్నానాల గది అద్దాల మీది తెల్ల మరకలకు అదే విరుగుడట. తాయెత్తయితే చవకగా వచ్చేది.

అమ్మడానికి వచ్చిన మహానుభావుడు భూమి లోపలి వేడితో కరెంటు తీసే భూతాప విద్యుత్ కేంద్రాల్లోనూ ఇదే విజ్ఞానమని సెలవిచ్చాడు. ఆ మాటతో సభ పులకించింది. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాని చుట్టూ అయస్కాంతం తిప్పి, రుచి చూడమన్నాడు. కోశాధికారిగారు కళ్లు మూసుకుని, పుక్కిలించి, 'మెత్తగా ఉన్నాయి' అన్నారు. అధ్యక్షులవారికి ఏకంగా కొబ్బరి నీళ్లు గుర్తొచ్చాయి. చివరకు ఏ గ్లాసు ఏదో అమ్మేవాడే మరిచిపోయాడు. అయినా తీర్మానం ఏకగ్రీవం.

భూతాప కేంద్రాల బాధ వేరు. లోతున మరిగే నీరు రాతిలోని సిలికాను, అంటే ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థాన్ని, కరిగించుకుని పైకి వస్తుంది. కొంత ఆవిరైపోగా మిగిలింది చిక్కబడుతుంది. 100 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాములు మోసే నీరు, 25 డిగ్రీలకు చల్లారితే 120 దగ్గరే చేతులెత్తేస్తుంది. మిగతాది పైపుల్లో గడ్డకడుతుంది. అందుకే నీటిని మరీ చల్లారనివ్వరు. లేదా ఆమ్లం కలిపి పీహెచ్‌ను 5 దగ్గరికి దించి, అంటే నీటిని పుల్లబరిచి, గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేసి, ఆలోపే భూమిలోకి తిప్పి పంపుతారు. ఐస్‌లాండ్‌లో స్వార్ట్‌సెంగి కేంద్రం వదిలిన నీటిలోని తెల్ల సిలికా బురదను పర్యాటకులు డబ్బిచ్చి మరీ ముఖానికి పూసుకుంటారు. అయస్కాంతం ఊసే లేదు.

మా మరకలు ఎండిన చుక్కలు మిగిల్చినవి. ఎక్కువ భాగం సున్నం, కొంత సిలికా. అయస్కాంతం వల్ల పోలేదు కాబట్టి సంఘం ఆమ్లం సీసా తెప్పించింది. దాన్ని మదనపల్లె నుంచి వచ్చి మా మెట్లు ఊడ్చే ఆవిడ చేతికిచ్చారు. ఉత్త చేతికి. సున్నం పోయింది, సిలికా పొర మిగిలింది. 'ఇంకా గట్టిగా రుద్దు' అన్నారు. ఎంత రుద్దితే మాత్రం పోతుంది? ఆ ఆమ్లానికి సిలికా కరగదు. కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునూ తినేస్తుంది, ఎముకనూ వదలదు. ఆవిడ వేళ్ల సందుల్లో తోలు ఊడింది. 'మంటగా ఉందయ్యా' అంటే, పని ఎగ్గొట్టడానికి సాకు అన్న పెద్దమనిషి ఈ సంఘంలోనే ఉన్నాడు. సిగ్గు లేదా? మీ అద్దంలో మీ ముఖం తళతళలాడాలని ఒక మనిషి చర్మం ఒలుస్తారా?

రబ్బరు తొడుగులు నేనే కొనిచ్చి, ఆ సొమ్ము నిర్వహణ రుసుములో మినహాయించుకున్నాను. అయస్కాంతానికి బిల్లు అడగని కార్యదర్శిగారు తొడుగులకు రసీదు పంపమని లేఖ రాశారు.