నోరు పెగలని లాయరు

1773లో లా చదువుకని ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి లండన్ వెళ్లాడు జాన్ ఫిల్పాట్ కరన్. బడిలో ఉండగా పిల్లలు ‘నత్తి జాక్’ అని ఏడిపించేవాళ్లు. అలాంటివాడు స్నేహితులు ఎగదోస్తే ఒక చర్చాసంఘంలో మాట్లాడటానికి లేచాడు. ‘అధ్యక్షా’ అన్నాడు. అంతే! ఉన్నది ఆరేడుగురు, ఇంకో ఆరేడుగురు వస్తే ఆ గదిలో నిలబడే చోటు కూడా ఉండదు. అయినా లోకంలోని జనమంతా తననే గుడ్లప్పగించి చూస్తున్నట్టు అనిపించి గొంతు ఎండిపోయింది. స్నేహితులేమో ‘వినండి, వినండి’ అని ఒకటే అరుపులు. వినడానికి అక్కడేముంది?

ఇదంతా తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు. ఇంకో సభలో ఒక వక్త ఈయన్ని చూపించి ‘మౌనవ్రత మహావక్త’ అని వెక్కిరించాడు. దాంతో ఒళ్లు మండి లేచి, అవతలివాణ్ణి ఉతికి ఆరేశాడు. అన్నాళ్లు అద్దం ముందు చేసిన సాధన కోపం వచ్చాక పనికొచ్చింది!

అంతమాత్రాన టెన్షన్ పోలేదు. 1775లో లాయరై డబ్లిన్‌లో మొదటిసారి వాదనకు నిలబడితే, న్యాయాధిపతి ‘కాస్త గట్టిగా చెప్పండి’ అన్నాడు. పాపం, ఆయన మామూలుగానే అడిగాడు. కరన్ చేతిలోంచి కాగితాలు జారి కింద పడ్డాయి. పక్కనున్న స్నేహితుడు వాటిని ఏరుకుని మిగతాది చదివి పెట్టాడు.

ఆ తర్వాత మాత్రం ఆ నోటికి తాళం వేయడం ఎవరి వల్లా కాలేదు. దాంతో మాట పడ్డవాళ్లతో డ్యుయెల్స్, అంటే ఎదురెదురుగా నిలబడి పిస్తోళ్లు పేల్చుకునే పోట్లాటలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఐర్లండ్ లాయర్లకు అదీ వృత్తిలో భాగమే. ఈగన్ అనే భారీకాయుడైన లాయరుతో పోటీ పడినప్పుడు, ‘నేను ఇంత లావు, వాడు అంత బక్క, ఇదేం న్యాయం?’ అని ఈగన్ గొణిగాడట. ‘అయితే నా సైజు నీ ఒంటి మీద చాక్‌పీసుతో గీసుకో, గీత బయట తగిలిన గుళ్లు లెక్కలోకి రావు’ అన్నాడట కరన్.

జాన్ ఫిట్జ్‌గిబ్బన్‌తో గొడవే ఖరీదైనది. 1785లో ఆయన అటార్నీ జనరల్. డ్యుయెల్లో తీరిగ్గా గురి చూసి కాల్చాడు, తగల్లేదు. ‘మీ తప్పేం లేదు సార్, గురి బాగానే చూశారు’ అన్నాడు కరన్. ఊరుకోవచ్చుగా! నాలుగేళ్లకు ఆయనే లార్డ్ ఛాన్సలర్, అంటే ఐర్లండ్‌లో అందరికంటే పెద్ద జడ్జి అయ్యి కోర్టులో కూర్చున్నాడు. జడ్జికి గిట్టని లాయరుకు కేసులెవరిస్తారు? ఆ పగ వల్ల 30,000 పౌండ్లకు తక్కువ కాకుండా నష్టపోయానని కరన్ లెక్క కట్టాడు.

ఒకరోజు కరన్ వాదిస్తుంటే ఛాన్సలర్ తన పెంపుడు కుక్కను కోర్టులోనే ముద్దు చేస్తూ కూర్చున్నాడు. కరన్ ఠక్కున ఆగిపోయాడు. ఎందుకు ఆపావని అడిగితే అన్నాడు:

‘క్షమించాలి. ఏలినవారు ఇద్దరూ కేసు గురించి సంప్రదించుకుంటున్నారనుకున్నాను.’