ఆకు బొమ్మ ఉంటే చాలు

ఆఫీసు పచ్చబడిందని, అంటే పర్యావరణానికి మేలు చేసేదిగా మారిందని సిబ్బందికీ, క్లయింట్లకూ చాటడం మహా బాధ్యత గల పని. నిజంగా పచ్చబడటానికి తొందరేమీ లేదు. దానికి బడ్జెట్టు కావాలి, కొలతలు కావాలి, పైగా బిల్డింగు మెయింటెనెన్సు మనిషితో మాట్లాడాలి. చాటడానికైతే ఒక డిజైనరు, ఒక ఆకు బొమ్మ సరిపోతాయి.

ముందుగా ప్రతి ఈమెయిలు అడుగున ఆకుపచ్చ అక్షరాల్లో ‘ప్రింటు తీసే ముందు ఒక్కసారి చెట్టును తలచుకోండి’ అని రెండు లైన్లు వేయించండి. ఒక పేజీలో ఇమిడే ఉత్తరం ఆ రెండు లైన్ల పుణ్యమా అని రెండో పేజీకి పాకుతుంది. 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం బరువు 5 గ్రాములు. చెట్టును తలచుకున్నందుకు ఆ మాత్రం దక్షిణ ఇచ్చుకోవాలి. కొందరు తుంటరి ఐటీ వాళ్లుంటారు. ప్రింట్ సర్వర్‌లో డిఫాల్టును రెండువైపులా, నలుపు-తెలుపుకు మార్చేసి, కార్డు చూపిస్తేనే కాగితం బయటికొచ్చేలా పెడతారు. సొంత సెట్టింగులు పెట్టుకున్న కంప్యూటర్లలో పాత పద్ధతే ఉండిపోతుందని తెలిసి, సీటు సీటుకూ వెళ్లి మరీ సరిచేస్తారు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండానే కాగితం తగ్గిపోతుంది. ఇక మనం చాటడానికేం మిగిలింది?

తర్వాత మూడు రంగుల చెత్తబుట్టలు. పేపరు కప్పు ఏ బుట్టలో వేయాలో మాత్రం పోస్టరులో రాయకండి. దాని లోపల పల్చటి పాలిథీన్ పొర ఉంటుంది కాబట్టి మామూలు కాగితంతో కలవదు. అడుగున మిగిలిన కాఫీ పక్కనున్న మంచి కాగితాన్నీ పాడుచేస్తుంది. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని మురిసి కొన్న పీఎల్‌ఏ (మొక్కల పిండితో చేసే ప్లాస్టిక్) కప్పు నిజంగా కలవాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి నిలిచే కంపోస్టు ప్లాంటు కావాలి. ఆఫీసు పూలకుండీలో పెడితే అది మొక్క కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. చెత్త తీసుకెళ్లే అతను దేన్ని విడిగా తీసుకుంటాడో ముందే అడిగి, ఆ ప్రకారం బుట్టలు పెట్టాలని కొందరి చాదస్తం. అడగొద్దు. సాయంత్రం మూడు బుట్టలూ ఒకే నల్లసంచిలోకి ఒంపుతుంటే ఎవరో ఒకరి కంట పడుతుంది. మూడు నెలల ప్రచారం కూడా ఆ సంచిలోకే పోతుంది.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. 36 వాట్ల ట్యూబులైటు పాత చోకుతో కలిపి దాదాపు 46 వాట్లు తాగుతుంది. 18 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 28 వాట్లు మిగులు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు, అంటే లైటుకు 84 యూనిట్లు. ఇలాంటి మాట పొరపాటున కూడా అనకండి. బిల్లు పక్కన పెట్టుకుని సరిచూసేస్తారు. పైగా ‘మిగిలిన డబ్బేం చేశారు?’ అని వెనక వరుసలోంచి ఒక గొంతు లేస్తుంది. ‘వేల చెట్లు నాటినంత మేలు’ అనండి, ఎవరూ లెక్కపెట్టరు. తగ్గుదలను ఏ ఏడాదితో పోల్చి చూపాలో, ఆ ఆధార సంవత్సరాన్నీ చూసి ఎంచుకోండి. 2019ని 2020తో పోల్చి అక్కడితో ఆపేస్తే మీ అంత ఘనులు లేరు. కోవిడ్ వల్ల ఆఫీసుకు తాళం వేసి ఉందన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది లెండి.

1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవాది, భూమి పేరు చెప్పి తువ్వాళ్లు మళ్లీ వాడమంటున్న హోటళ్ల తీరు చూసి ‘గ్రీన్‌వాషింగ్’ (చేసేది తక్కువ, పచ్చదనం పేరుతో చాటేది ఎక్కువ) అని పేరుపెట్టాడు. ఒకళ్ల తువ్వాలు సంగతి ఆయనకెందుకో! ఐరోపా సమాఖ్యదీ అదే వరస: ఆధారం చూపకుండా వినియోగదారులకు ‘పర్యావరణహితం’ అని చెప్పుకోకుండా 2026 సెప్టెంబరు 27 నుంచి నిబంధన పెట్టింది.

క్లయింట్లు ఇంకో రకం. కర్బన ఉద్గారాల లెక్కలో మీరు కాల్చిన డీజిలు మీకు స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2. వాళ్ల పని కోసం అందులో ఖర్చయిన వాటా వాళ్ల లెక్కలో స్కోప్ 3, అంటే బయటివాళ్ల ద్వారా వచ్చిన ఉద్గారాల కింద పడుతుంది. అందుకే ఎక్సెల్ షీటు పంపుతారు: యూనిట్లెన్ని, డీజిలు ఎన్ని లీటర్లు, ఏసీల్లో గ్యాస్ ఎన్ని కిలోలు నింపారు? ఈ చివరి గడి చూసి నవ్వుకోకండి. ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో కారితే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడుతో సమానం. జవాబుగా లామినేషన్ చేసిన మందపాటి బ్రోచరు పంపండి. గడులు ఖాళీగా ఉన్నాయని షీటు తిరిగొస్తుంది. ఇంకో బ్రోచరు పంపండి.

వాళ్లు అడిగినవన్నీ నిజానికి కింద జనరేటరు గదిలో, మేకుకు వేలాడే నోటుపుస్తకంలో ఉన్నాయి. మీటరు రీడింగు, డీజిలు, గ్యాస్ సిలిండరు తూకం, అన్నీ తేదీలతో సహా. రాసేది ఆ మెయింటెనెన్సు మనిషే. పచ్చదనం అవార్డుల సభకు ఆయన్నీ పిలవండి. ప్రొజెక్టరు మొరాయిస్తే అవసరపడతాడు.