జాతి, రంగు తేడాల గురించి పిల్లలకి ఏం తెలియదని ఎవరన్నారు?

పార్కులో నల్లజాతి పిల్లాడు పక్కకి రాగానే తల్లి చెయ్యి బిడ్డ భుజం మీద బిగుసుకుంటుంది. ఒక్క మాట అనదు. అనక్కర్లేదు, బిడ్డకి పాఠం అందిపోయింది! పైగా "మా ఇంట్లో ఆ తేడాలే ఉండవు" అంటారు. ఉండవా? 1940ల్లో అమెరికాలో మనస్తత్వవేత్తలైన కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి మంచి బొమ్మ ఏదని అడిగితే, చాలామంది తెల్లబొమ్మనే చూపించారు. అంత చిన్న వయసులోనే! పోలీసులు ఆపితే, ఎక్కడ కాల్చేస్తారోనన్న భయంతో, చేతులు కనపడేలా పెట్టమని నల్లజాతి తల్లిదండ్రులు అక్కడ ఇప్పటికీ పిల్లలకి నేర్పుకోవాల్సి వస్తోంది. మీకేమో ఆ ఊసెత్తడమే టెన్షనా? "ఆ అబ్బాయి రంగు వేరేగా ఉందేంటమ్మా?" అని బిడ్డ అడిగితే "ష్, తప్పు!" అని నోరు మూయిస్తారు. అడగడంలో తప్పేముంది? జవాబు చెప్పండి!